తాతగారి పద్యాల సైట్: ఒకే తెలుగు ఫాంట్ నా లాప్‌టాప్‌లో ఒకలా, ఆండ్రాయిడ్‌లో ఒకలా, ఐఫోన్‌లో ఇంకోలా వస్తోంది, ఎందుకు?

తెనాలి_మనవడు:

అందరికీ నమస్కారం అండి. మా తాతగారు రాసిన పద్యాలు, ఒక శతకం, ఇంకా విడి పద్యాలు ఓ రెండొందల దాకా పాత నోటు పుస్తకాల్లో ఉండిపోతే నేనూ నాన్నా కలిసి రెండేళ్ళ పాటు సాయంత్రాలు కూర్చుని టైప్ చేశాం, వాటికి ఒక చిన్న సైట్ కట్టాను. నేను వెబ్ డెవలపర్‌ని కాదు, అకౌంట్స్ పని నాది, పేజీ రాసే హెచ్‌టీఎంఎల్, దాని రూపం చెప్పే సీఎస్ఎస్ చూసి చూసి నేర్చుకున్నాను. తాతగారి పద్యాలు ఫోన్‌లో వచ్చే మామూలు అక్షరాల్లో చూడాలంటే మనసొప్పక, పాత పుస్తకాల్లో అచ్చులా గుండ్రంగా ఉండే రెండు ఫాంట్లు ఎంచుకున్నాను, ఒకటి శీర్షికలకి, ఒకటి పద్యాలకి.

నా లాప్‌టాప్‌లో, అంటే విండోస్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండిట్లోనూ, చూడ ముచ్చటగా ఉంది. లింక్ ఇంట్లో వాళ్ళకి పంపాక మొదలయింది అసలు కథ.

నాన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో శీర్షికలు లావుగా, మసి పూసినట్టు వస్తున్నాయి. "ధర్మము" అన్న శీర్షికలో ధ కింద గీత అక్షరంలో కలిసిపోయి "దర్మము" లాగా కనపడుతోంది, నాన్న ఫోన్ చేసి "ఒరేయ్ తప్పు టైప్ చేశావు" అన్నారు, చూస్తే టైపింగ్ సరిగ్గానే ఉంది. పద్యాల్లో అయితే ఇంకా ఘోరం, వత్తులు అసలు కిందకి రావట్లేదు, "సత్యము" కాస్తా త్ పొల్లు పెట్టి పక్కన య పెట్టినట్టు విడిపోయి వస్తోంది. పిన్ని ఐఫోన్‌లోనూ అంతే, పైగా అక్కడ "రాష్ట్రము", "శాస్త్రము" లాంటి వాటి అడుగుభాగం కత్తిరించినట్టు తెగిపోతోంది, నాన్న ఫోన్‌లో కూడా కొంచెం తెగుతోంది గానీ పిన్ని ఫోన్‌లో ఎక్కువ. అరసున్న ఉన్న మాటల్లో, "వాఁడు" అనుకోండి, ఆ వాఁ ఒక్కటే వేరే ఫాంట్‌లో సన్నగా వస్తోంది, ఒకట్రెండు చోట్ల అయితే చుక్కలతో గీసిన గుండ్రం ఒకటి వచ్చి దాని పక్కన దీర్ఘం కూర్చుంటోంది. ఇది చాలనట్టు మా తమ్ముడి కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్‌లో అసలు నా ఫాంట్లే రావట్లేదు, వాడి క్రోమ్‌లో మాత్రం వస్తున్నాయి. నెట్ స్లోగా ఉంటే కాసేపు పేజీ ఖాళీగా తెల్లగా ఉండి తర్వాత అక్షరాలు వస్తున్నాయి.

ఫాంట్లు రెండూ టీటీఎఫ్ (మామూలు ఫాంట్ ఫైల్) గా డౌన్‌లోడ్ చేసుకున్నాను, పద్యాల ఫాంట్ మాత్రం సైజు తగ్గుతుందని ఒక ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వేసి వాఫ్2 (వెబ్ కోసం కుదించిన ఫాంట్ ఫైల్) చేశాను. ఒకే ఫైల్ కదా, ఒకే కోడ్ కదా, బ్రౌజర్ మారితే అక్షరం ఎందుకు మారాలి? వచ్చే నెల తాతగారి సంవత్సరీకం, ఆ రోజు చుట్టాలందరికీ లింక్ పంపాలని నా కోరిక. ఎవరైనా దారి చూపించగలరా?

వరంగల్_వెబ్:

అన్నా, మంచి పని చేస్తున్నవ్, ముందుగాల అది చెప్పాలె. ఇప్పుడు సంగతికొస్తే నీ లాప్‌టాప్‌ను నమ్మకు. నువ్వు ఆ ఫాంట్లు డౌన్‌లోడ్ చేసినంక డబుల్ క్లిక్ కొట్టి ఇన్‌స్టాల్ కూడా చేసినవ్ కదా? చేసే ఉంటవ్, అందరం చేస్తం. అట్ల చేసినంక నీ సీఎస్ఎస్‌ల ఫాంట్-ఫ్యామిలీ దగ్గర మొదలు, ఫాంట్-ఫేస్‌ల (సైట్‌ల పెట్టిన ఫైల్‌కు పేరు పెట్టే చోట) నువ్వు పెట్టిన పేరు కాకుండ ఆ ఇన్‌స్టాల్ చేసిన ఫాంట్ పేరే ఉంటే బ్రౌజర్ నీ సైట్‌ల పెట్టిన ఫైల్ దిక్కు చూడనే చూడదు, నీ మెషిన్‌ల ఉన్నదే తీస్కొని చూపిస్తది. అంటే నువ్వు ఇన్ని దినాలు చూసిన పేజీ వేరు, మీ నాయిన చూసిన పేజీ వేరు.

చూసుడు చాన ఈజీ. క్రోమ్‌ల పద్యం మీద రైట్ క్లిక్ కొట్టి ఇన్‌స్పెక్ట్ అను, ఎలిమెంట్స్‌ల కంప్యూటెడ్ అని ట్యాబ్ ఉంటది, దాంట్ల అడుగుకు పోతే రెండర్డ్ ఫాంట్స్ అని కనిపిస్తది. అక్కడ ఫాంట్ పేరు, దాని పక్కన అది లోకల్ ఫైలా నెట్‌వర్క్ నుంచి వచ్చిందా, ఎన్ని గ్లిఫ్‌లు (అక్షరాల బొమ్మలు) దాంట్లకెళ్ళి గీసిందో కూడా రాసి ఉంటది. ఫైర్‌ఫాక్స్‌ల అయితే ఇన్‌స్పెక్టర్‌ల ఫాంట్స్ అని సపరేట్ ట్యాబే ఉన్నది. ఈ ఒక్కటి చూడకుండ లైన్ హైట్ మార్చు, ఇంకోటి మార్చు అని ఎవరేం చెప్పినా చీకట్ల తడుముకున్నట్టే అయితది. నీ దగ్గర లోకల్ ఫైల్ అని వస్తే ఆ రెండు ఫాంట్లు విండోస్ నుంచి అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళ చూడు, అప్పుడు మీ నాయిన ఫోన్‌ల ఉన్న బాధ నీకు కూడా కనిపిస్తది. ఫాంట్-ఫేస్‌ల లోకల్ అని రాసి ఉన్నా గిదే గోస, అది కూడా తీసెయ్.

మీ తమ్ముని ఫైర్‌ఫాక్స్ సంగతి మాత్రం నీ సైట్ తప్పు కాదనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌ల ఫాంట్స్ దగ్గర అడ్వాన్స్‌డ్ నొక్కితే, పేజీలు వాటి సొంత ఫాంట్లు వాడుకోవచ్చు అనే టిక్ ఒకటి ఉంటది. తెలుగు కోసం తనకు నచ్చిన ఫాంట్ పెట్టుకునెటోళ్ళు చానమంది ఆ టిక్ తీసేస్తరు. తీస్తే ఏ సైట్ ఫాంటూ రాదు. యాడ్ బ్లాకర్‌ల కూడా బయటి ఫాంట్లు ఆపే ఆప్షన్ ఉంటది, రెండూ చూడమను.

లిపి_లోకం:

వరంగల్ గారు చెప్పింది మొదట చెయ్యండి. మిగతాది నేను చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, తెలుగు లిపి మీద ఉన్న ఇష్టం కొద్దీ.

ఒకే ఫైల్ అయితే బ్రౌజర్ మారితే అక్షరం ఎందుకు మారాలి అని అడిగారు కదా, ఇంగ్లీషుకి అయితే ఆ ప్రశ్న దాదాపు కరెక్టే, ఎందుకంటే అక్కడ ఒక అక్షరానికి ఒక బొమ్మ, తీసి పక్కపక్కన పేర్చడమే. మనకి అలా కాదు. "సత్య" అని మీరు టైప్ చేస్తే ఫైల్లో ఉండేది స, త, పొల్లు గుర్తు, య అనే నాలుగు కోడ్‌లు. త, పొల్లు, య కనిపిస్తే య ని వత్తుగా మార్చి త కింద పెట్టు అనే సూచనలు ఫాంట్ ఫైల్లోనే ఒక టేబుల్‌లో రాసి ఉంటాయి, జీసబ్ అంటారు. వత్తు సరిగ్గా ఎక్కడ కూర్చోవాలి అన్నది జీపాస్ అనే ఇంకో టేబుల్‌లో ఉంటుంది. ఆ సూచనలు చదివి పని చేసే వాడు వేరే, షేపింగ్ ఇంజిన్ అని. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ మూడూ వాడేది హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్. సఫారీ వాడేది యాపిల్ సొంతంగా చేసుకున్న కోర్‌టెక్స్ట్. ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా లోపల ఉండేది సఫారీ ఇంజినే, యాపిల్ రూల్ అది, 2024లో యూరప్ వాళ్ళకి కొంచెం సడలించారు. కాబట్టి పిన్నిగారిని ఐఫోన్‌లో వేరే బ్రౌజర్‌తో చూడమని చెప్పి లాభం లేదు, అదే కనపడుతుంది.

ఇంజిన్ల మధ్య తేడా చిన్న విషయం అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11లో మన "జ్ఞా" దెబ్బకి ఐఫోన్లు క్రాష్ అయ్యాయి గుర్తుందా, జ, పొల్లు, ఞ, దాని తర్వాత అక్షరాలు కలవకుండా ఆపే, కళ్ళకి కనపడని గుర్తు ఒకటి, ఆపైన దీర్ఘం, ఈ వరుస ఒక మెసేజ్‌లో వస్తే ఆ యాప్ మళ్ళీ తెరుచుకునేది కాదు. 11.2.6 అప్‌డేట్‌లో సరిచేశారు. అదే వరుసని హార్ఫ్‌బజ్ మామూలుగా గీసేసేది.

ఇప్పుడు మీ "సత్యము" విషయం. రెండు ఫోన్లలోనూ, రెండు వేర్వేరు ఇంజిన్లలోనూ ఒకేలా విడిపోతోంది అంటే తప్పు ఇంజిన్‌ది కాదు, ఫైల్‌ది. ఆ ఆన్‌లైన్ కన్వర్టర్ సైజు తగ్గించే పేరుతో జీసబ్ టేబుల్ పీకేసి ఉంటుంది, లేకపోతే వత్తు బొమ్మలకి సొంత కోడ్ ఉండదు కాబట్టి అవి ఎవరూ వాడనివి అనుకుని తీసేసి ఉంటుంది. ఇలాంటి టూల్స్ చాలావరకు ఇంగ్లీషు అక్షరాలని దృష్టిలో పెట్టుకుని చేసినవి. మీ ఒరిజినల్ టీటీఎఫ్ తీసుకుని ఫాంట్‌టూల్స్ అనే పైథాన్ ప్యాకేజీలో పైఎఫ్‌టీసబ్‌సెట్ అని ఉంటుంది, దానితో చెయ్యండి, లేఅవుట్ ఫీచర్స్ అన్నచోట స్టార్ గుర్తు ఇస్తే ఏదీ పీకదు, ఫ్లేవర్ దగ్గర వాఫ్2 అని ఇవ్వాలి, దానికి బ్రాట్లీ అనే ఇంకో ప్యాకేజీ కావాలి. అక్షరాల పరిధి అడిగితే 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి, దానితో పాటు 200సీ, 200డీ (అక్షరాలు కలవకుండా ఆపే, కలిపే కనపడని గుర్తులు), 25సీసీ (ఆ చుక్కల గుండ్రం) కూడా ఇవ్వండి, మామూలు స్పేస్, కామా, ఫుల్‌స్టాప్, అంకెలు ఎలాగూ కావాలి. సీఎస్ఎస్‌లో యూనికోడ్-రేంజ్ (ఈ ఫాంట్ ఏ అక్షరాలకి అని చెప్పే లైన్) రాసినా ఇవన్నీ అందులోనూ ఉండాలి. నిజానికి మీకున్నది ఒక్క చిన్న సైట్, సబ్‌సెట్ (కావలసిన అక్షరాలే ఉంచి మిగతావి తీసెయ్యడం) చెయ్యకుండా ఫాంట్ మొత్తాన్ని వాఫ్2 చేసి పెట్టేసినా ఏం కాదు.

అరసున్న సంగతి వేరు. ఆ ఫాంట్ చేసినవాళ్ళు అరసున్న గీయలేదేమో. ఇప్పటి రాతలో అరసున్న లేదు కాబట్టి అలంకారం కోసం చేసే ఫాంట్లలో అది, బండి ఱ, ౘ, ౙ లాంటివి వదిలేస్తుంటారు. ఫాంట్‌లో లేని గుర్తు తగిలితే బ్రౌజర్ ఆ ఒక్క గుర్తునే కాకుండా దాన్ని అంటిపెట్టుకున్న అక్షరం మొత్తాన్ని, అంటే వాఁ మొత్తాన్ని, ఫోన్‌లో ఉన్న ఇంకో తెలుగు ఫాంట్‌కి ఇచ్చేస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఆ ఇంకో ఫాంట్ నోటో, ఐఫోన్‌లో కోహినూర్, విండోస్‌లో నిర్మల. అందుకే ఒక్కో చోట ఒక్కో రూపం. దీనికి సీఎస్ఎస్‌తో మందు లేదు, అరసున్న ఉన్న ఫాంట్‌కి మారడమే. మీరు పద్యాల సైట్ చేస్తున్నారు కాబట్టి ఫాంట్ ఎంచుకునే ముందు "వాఁడు, ఱంపము, ౘలి, ౙాము, కార్త్స్న్యము" అని ఒక లైన్ టైప్ చేసి చూడండి. ఆ చివరి మాటలో వత్తు కింద వత్తు ఎన్ని పడతాయో మీకే తెలుసు, అది నిలబడిన ఫాంట్‌లో మీ తాతగారి పద్యాలన్నీ నిలబడతాయి. పాత పుస్తకాల్లో నకారపొల్లుకి వేరే రూపం ఉండేది, అది యూనికోడ్‌లోకి (అన్ని భాషల అక్షరాలకీ కోడ్‌లు ఇచ్చే పట్టికలోకి) వచ్చిందే 2021లో, 14వ వెర్షన్‌లో, అది గనక మీరు టైప్ చేసి ఉంటే చాలా ఫోన్లలో డబ్బా కనపడుతుంది, మామూలు న్ వాడండి.

చుక్కల గుండ్రం వచ్చిన చోట మాత్రం టైపింగ్‌లోనే తేడా ఉంది. వ, దీర్ఘం, ఆ తర్వాత అరసున్న రావాలి. అక్కడ వ తర్వాత అరసున్న కొట్టి దాని తర్వాత దీర్ఘం కొట్టినట్టున్నారు. అప్పుడు దీర్ఘానికి పట్టుకోవడానికి అక్షరం దొరక్క ఇంజిన్ ఆ చుక్కల గుండ్రాన్ని తెచ్చి పెడుతుంది. ఆ మాటలు తుడిచి మళ్ళీ కొట్టండి, కాపీ పేస్ట్ చెయ్యకండి.

డల్లాస్_అక్క:

తమ్ముడూ, మీ పోస్ట్ చదువుతుంటే మా నాన్నగారి ఉత్తరాలు గుర్తొచ్చాయి, అవి కూడా ఇలాగే ఎక్కించాలి ఎప్పటికైనా. నేను ఫ్రంట్ ఎండ్ పని చేస్తాను పదమూడేళ్ళుగా, మిగిలిపోయిన రెండు మూడు విషయాలు చెప్తాను.

శీర్షికలు లావెక్కడం: మీరు హెచ్2 ట్యాగ్ వాడి ఉంటారు, హెచ్2 అంటే బ్రౌజర్ తనంతట తానే బోల్డ్ అనుకుంటుంది. మీరు సైట్‌లో పెట్టింది రెగ్యులర్ ఫైల్ ఒక్కటే. బోల్డ్ ఫైల్ లేదు కాబట్టి బ్రౌజర్ ఉన్నదాన్నే గీతల చుట్టూ ఉబ్బించి దొంగ బోల్డ్ తయారు చేస్తుంది, ఎంత ఉబ్బించాలి ఎలా ఉబ్బించాలి అన్నది ఒక్కో బ్రౌజర్ దాని ఇష్టం. ఇంగ్లీషు అక్షరాలు దాన్ని తట్టుకుంటాయి. మన అక్షరాలు తట్టుకోలేవు, ద కి ధ కి, ప కి ఫ కి, డ కి ఢ కి తేడా అంతా అడుగున ఉండే ఆ చిటికెడు గీతలోనే ఉంది, ఉబ్బిస్తే అది పక్క గీతలో కలిసిపోతుంది. అంటే అందం పోవడం కాదు ఇది, అక్షరమే మారిపోవడం, మీ నాన్నగారు తప్పు టైప్ చేశావు అన్నారు చూడండి, అదే. మీ లాప్‌టాప్‌లో బాగుంది అంటే మీరు ఇన్‌స్టాల్ చేసుకున్నప్పుడు బోల్డ్ కూడా వచ్చి ఉంటుంది. దానికి ఆ బోల్డ్ ఫైల్ కూడా ఎక్కించి ఇంకో ఫాంట్-ఫేస్ రాయండి, ఫాంట్-వెయిట్ 700 అని పెట్టి. లేదా శీర్షికలకి ఫాంట్-వెయిట్ నార్మల్ అని ఇచ్చేయండి, సైజు పెంచితే చాలు, శీర్షిక శీర్షికలానే ఉంటుంది. తెలుగు ఫాంట్లు చాలా వాటికి ఒకే వెయిట్ ఉంటుంది కాబట్టి నేను తెలుగు పేజీ ఏది చేసినా మొదట రాసే లైన్ ఫాంట్-సింథసిస్ నన్. దొంగ బోల్డ్, దొంగ ఇటాలిక్ రెండూ ఆగిపోతాయి. తెలుగులో వాలు అక్షరాల సంప్రదాయం ఎలాగూ లేదు, ఎవరో ఈఎమ్ ట్యాగ్ పెట్టగానే అక్షరాలు గాలికి పడిపోతున్నట్టు వాలుతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

వత్తులు తెగడం: ఫాంట్ ఫైల్‌లో అక్షరం పైకి ఎంత పోతుంది కిందకి ఎంత దిగుతుంది అనే లెక్క ఒక చోట కాదు మూడు చోట్ల రాసి ఉంటుంది. విండోస్ ఒక లెక్క చూస్తుంది, యాపిల్ ఇంకో లెక్క చూస్తుంది. ఫాంట్ చేసినవాళ్ళు మూడూ ఒకేలా రాస్తే గొడవ లేదు, రాయకపోతే ఒకే లైన్‌లో అక్షరం ఒక చోట పైకి, ఒక చోట కిందకి జరుగుతుంది. జరిగినంత మాత్రాన తెగదు, మీ కోడ్‌లో ఎక్కడో ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటినది దాచెయ్యమనే లైన్) ఉండి ఉండాలి, పద్యపాదం రెండో లైన్‌కి పోకుండా పెట్టారేమో. పైగా లైన్-హైట్ 1.2 లాంటిది ఉంటే మనకి సరిపోదు, అది ఇంగ్లీషు లెక్క. తెలుగుకి 1.7, రెండు వత్తులు పడే పద్యాలకి 1.9 కూడా ఎక్కువ కాదు. ఓవర్‌ఫ్లో హిడెన్ తీసేయండి, పాదం పొడుగైతే ఫోన్‌లో ఫాంట్ సైజు తగ్గించండి, లేదా అడ్డంగా స్క్రోల్ అవ్వనివ్వండి, అలా అడ్డంగా స్క్రోల్ పెట్టినా అడుగున తెగే అవకాశం ఉంది కాబట్టి ఆ పెట్టెకి కింద ప్యాడింగ్ కొంచెం ఇవ్వండి. అసెంట్-ఓవర్‌రైడ్, డిసెంట్-ఓవర్‌రైడ్ అని కొత్తగా వచ్చాయి, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వింటాయి, సఫారీ వినదు, మీ బాధ ఎక్కువ ఉన్నదే ఐఫోన్‌లో కాబట్టి వాటి జోలికి పోకండి.

పేజీ తెల్లగా ఉండిపోవడానికి ఫాంట్-డిస్‌ప్లే స్వాప్ అని ఒక లైన్ చాలు. అది లేకపోతే బ్రౌజర్ ఫాంట్ వచ్చేదాకా మూడు సెకన్ల దాకా అక్షరాలు దాచిపెడుతుంది. స్వాప్ పెడితే ముందు ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌తో చూపించి తర్వాత మీది వేస్తుంది, ఆ మారేటప్పుడు పేజీ ఒక్కసారి కదులుతుంది, ఊళ్ళో నెట్‌కి అదే నయం.

ఇంకొక్కటి, లెటర్-స్పేసింగ్, అంటే అక్షరాల మధ్య ఖాళీ, ఎక్కడైనా ఇచ్చారా? శీర్షికలకి అందంగా ఉంటుందని ఇస్తుంటారు. తీసేయండి. లెటర్-స్పేసింగ్ ఇస్తే బ్రౌజర్లు కొన్ని రకాల అక్షరాల కలయికలు ఆపేస్తాయి, ఫాంట్ చేసినవాళ్ళు మన సంయుక్తాక్షరాలని ఆ రకంలో పెట్టి ఉంటే అవి విడిపోతాయి.

డీటీపీ_బాబాయ్:

బాబూ, నేను ముప్ఫై ఏళ్ళు పేజ్‌మేకర్ మీద అను అనే డీటీపీ ఫాంట్లతో పుస్తకాలు, శుభలేఖలు చేసినవాణ్ణి. అప్పట్లో వెబ్‌లో తెలుగు పేపర్ చదవాలంటే ఒక్కో సైట్‌కి ఒక్కో ఫాంట్, యూనికోడ్ కాదు, ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు ఎక్కించేవాళ్ళు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప ఎక్కడా వచ్చేది కాదు, ఫైర్‌ఫాక్స్ వాళ్ళకి పద్మ అని ఒక యాడాన్ ఉండేది, అది ఆ రాతని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. అవన్నీ చూసినవాడికి ఇప్పుడు మీ బాధలు చిన్నవే అనిపిస్తాయి, అయినా అక్షరం తెగితే నాకూ ప్రాణం ఒప్పదు.

రెండు మాటలు చెప్తాను. డీటీపీ ఫాంట్లు ఎవరైనా ఇస్తే వాటిని వెబ్‌కి మార్చి పెట్టకండి, అవి యూనికోడ్ కావు, పైగా లైసెన్సు ఒప్పుకోదు. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్నవి చూసుకోండి. సిలికానాంధ్ర వాళ్ళ ద్వారా వచ్చినవి, సూరన్న, మల్లన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామరాజ, గిడుగు, గురజాడ, మండలి, ఎన్‌టీఆర్ ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. తిరో తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు కూడా చూడండి, పద్యానికి నిండుగా ఉంటాయి. రెండోది, మీ నాన్నగారు టైప్ చేసినవి అనులో చేసి కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చినవి అయితే, పైన లిపి లోకం గారు చెప్పిన అరసున్న వరుస తప్పులు అక్కడే వచ్చి ఉంటాయి. అనులో గుర్తులు కంటికి కనపడ్డ వరుసలో కొడతాం, ఉచ్చారణ వరుసలో కాదు. ప్రతి పద్యం ఒకసారి నోటు పుస్తకం పక్కన పెట్టుకుని చదవండి.

తెనాలి_మనవడు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. నాలుగు రోజులు పట్టింది, ఏమయిందో వివరంగా చెప్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

వరంగల్ అన్నా, మీరు చెప్పినట్టే రెండర్డ్ ఫాంట్స్ చూస్తే లోకల్ ఫైల్ అనే ఉంది. రెండు ఫాంట్లూ అన్‌ఇన్‌స్టాల్ చేసి పేజీ మళ్ళీ తెరిస్తే నా లాప్‌టాప్‌లో కూడా "సత్యము" విడిపోయింది. ఆ క్షణం చాలా గుబులేసింది, కానీ అప్పుడు గానీ అసలు పేజీ నేను చూడలేదు. తమ్ముడి ఫైర్‌ఫాక్స్‌లో కూడా ఆ టిక్ తీసేసే ఉంది.

పద్యాల ఫాంట్ ఒరిజినల్ నుంచి పైఎఫ్‌టీసబ్‌సెట్‌తో మళ్ళీ చేశాను, స్టార్ ఇచ్చి, వత్తులన్నీ వచ్చేశాయి. కానీ అందులో అరసున్న నిజంగానే లేదు, లిపి లోకం గారి టెస్ట్ లైన్ పెట్టి ఒక పూటంతా ఫాంట్లు మార్చి మార్చి నాన్నకి చూపించాను, చివరికి తిరో తెలుగు ఆయనకి నచ్చింది, మా తాతగారి దగ్గర ఉన్న పాత పుస్తకాల్లో అక్షరంలా ఉంది అన్నారు. శీర్షికలకి నార్మల్ వెయిట్ ఇచ్చి ఫాంట్-సింథసిస్ నన్ పెట్టాను, "ధర్మము"లో ధ కింద గీత ఇప్పుడు నాన్న ఫోన్‌లో అద్దాలు లేకుండానే కనపడుతోంది. ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంది అక్కా, మీరు ఊహించినట్టే పాదం విరగకుండా పెట్టాను, తీసేసి లైన్-హైట్ 1.9 చేశాను, పిన్ని ఫోన్‌లో "శాస్త్రము" పూర్తిగా వస్తోంది. బాబాయ్ గారూ, సగం పద్యాలు నాన్న అనులో కొట్టినవే, చుక్కల గుండ్రాలు పదకొండు దొరికాయి, అన్నీ అరసున్న దగ్గరే.

ఒక్కటి మిగిలింది. పిల్లలకి ఛందస్సు తెలియాలని ప్రతి పాదంలో ప్రాసాక్షరానికి ఎర్ర రంగు వేశాను, స్పాన్ (కొన్ని అక్షరాలని విడిగా చుట్టే ట్యాగ్) పెట్టి. "సత్యము"తో మొదలయ్యే పాదంలో త చుట్టూ స్పాన్ పెడితే క్రోమ్‌లో త, య వత్తు బాగానే కలిసి ఉన్నాయి, ఐఫోన్‌లో మాత్రం విడిపోయి మళ్ళీ పొల్లు కనపడుతోంది. దీనికేం చెయ్యాలి?

లిపి_లోకం:

ప్రాసాక్షరం త కాదు కదండీ, త్య మొత్తం. స్పాన్ కూడా త్య మొత్తం చుట్టూ ఉండాలి. మీరు త దగ్గర స్పాన్ మూసేస్తే పొల్లు, య బయట పడ్డాయి. రంగు మాత్రమే మారితే ఆ ట్యాగ్‌ని దాటి అక్షరాలని కలిపి గీయాలని నియమం, కొన్ని ఇంజిన్లు అలా గీస్తాయి, కొన్ని ట్యాగ్ దగ్గర తెంపేసి రెండు ముక్కలుగా గీస్తాయి, తెంపిన చోట వత్తు పుట్టదు. సంయుక్తాక్షరం మధ్యలో ఎప్పుడూ ట్యాగ్ పెట్టకండి. పద్యం మొదటి అక్షరం పెద్దదిగా చెయ్యడానికి సీఎస్ఎస్‌లో ఫస్ట్-లెటర్ వాడినా ఇదే జాగ్రత్త. "శ్రీ"ని ఒక అక్షరంగా లెక్కపెట్టే నియమం యూనికోడ్‌లోకి వచ్చిందే 2023లో, 15.1లో. అంతకు ముందు నియమం ప్రకారం శ్ ఒకటి, రీ ఒకటి. పాత ఫోన్లలో శ్ ఒక్కటే పెద్దదై రీ చిన్నదిగా మిగిలిపోతుంది. శతకాలు శ్రీకారంతోనే మొదలవుతాయి కదా, అక్కడ ఫస్ట్-లెటర్ వద్దు, శ్రీ మొత్తానికి స్పాన్ పెట్టేయండి.

తెనాలి_మనవడు:

మీరు అన్నాక చూశాను, తాతగారి శతకం మొదటి పద్యం "శ్రీ"తోనే మొదలైంది, నేను ఫస్ట్-లెటర్ వాడేశాను, మా మేనత్త దగ్గర ఉన్న పాత ఫోన్‌లో అచ్చం మీరు చెప్పినట్టే శ్ ఒక్కటే పెద్దదయింది. మార్చేశాను. ప్రాసలు కూడా ఒక్కో పద్యం తీసి సరిచేస్తున్నాను, నూట ఎనిమిదిలో అరవై అయ్యాయి.